చిన్న కారుతో సైకిల్‌ను దూరం తీసుకెళ్లేవారికి

ఒడిశాలోని జయపురం, కొరాపుట్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లల చదువుకైనా, ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా ముందుగా గుర్తొచ్చే ఊరు విశాఖపట్నం. కొన్నేళ్లుగా ఆ ప్రయాణంలో సైకిల్ కూడా చేరింది. హాస్టల్లో చేరబోయే పిల్లవాడు తన గేర్ల సైకిల్ వెంట రావాల్సిందేనంటాడు. తెల్లవారుజామున వాహనాలు ఆపేసే విశాఖ బీచ్ రోడ్డు మీద రెండు రోజులు తొక్కి రావాలని పెద్దవాళ్లకూ ఉంటుంది. అటునుంచి వచ్చే బంధువులు 1,672 మీటర్ల దేవమాలి కొండ చుట్టుపక్కల తిరగడానికి తమ సైకిళ్లు తెచ్చుకుంటారు. మనలో చాలామందికి ఉన్నవి ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్, టియాగో వంటి చిన్న కార్లే కనుక ఈ వ్యాసం వాటి గురించే.

పదిహేను కిలోల సైకిల్‌ను మోయడం ఏ కారుకూ కష్టం కాదు. 26వ నంబరు జాతీయ రహదారి మీద కొరాపుట్ నుంచి సెమిలిగుడ, పొట్టంగి, సుంకి దాటి సాలూరులో దిగేసరికి ఏడు వందల మీటర్లకు పైగా కిందికి వస్తాం. ఆ దారిలోని మలుపులు, గతుకులు, లారీల పక్కగాలి తట్టుకుంటూ సైకిల్ అంగుళమైనా కదలకుండా ఉండాలి. కష్టమంతా అక్కడే ఉంది. మా ఊళ్లో టైర్ల దుకాణం నడిపే ఒక పెద్దాయన, సగం ఒడియా, సగం తెలుగు కలిపి మాట్లాడే మనిషి, నేను మొదటిసారి కట్టిన కట్టు చూసి చెప్పిన మాట ఇప్పటికీ నాకు కొలబద్ద. “సైకిల్‌ని పట్టుకొని ఊపండి బాబూ. సైకిల్ ఊగిందంటే మీ కట్టు కట్టు కాదు. కారు ఊగితే అప్పుడు బయల్దేరండి.” దీని తరువాత నేను రాసేదంతా ఆ పరీక్షలో నెగ్గడానికి చేయవలసిన పనులే.

చిన్న కారుతో సైకిల్‌ను మూడు విధాలుగా తీసుకెళ్లవచ్చు. వెనుక సీటు మడిచి లోపల పెట్టవచ్చు, డిక్కీ తలుపుకు బెల్టులతో బిగించే ర్యాక్ మీద వేలాడదీయవచ్చు, పైకప్పు మీద క్యారియర్‌కు కట్టవచ్చు. ప్రయాణించేది ఇద్దరే అయితే లోపల పెట్టడం కన్నా మంచి పద్ధతి లేదని నా దృఢమైన అభిప్రాయం. వానకు తడవదు, దుమ్ము పడదు, దొంగ భయం ఉండదు, గాలికి అడ్డు కాదు, నంబరు ప్లేటు కనబడకపోవడమన్న ప్రశ్నే రాదు. ముగ్గురో నలుగురో వెళ్తున్నప్పుడే ర్యాక్ గురించి ఆలోచించాలి. పైకప్పును చివరి మార్గంగానే చూడాలి. దానికి కారణాలు తరువాత చెబుతాను.

లోపల పెట్టాలనుకున్నప్పుడు ముందురోజు సాయంత్రమే టేపుతో కొలవండి. ముందు చక్రం ఉన్న పెద్దవాళ్ల సైకిల్ పొడవు సుమారు 170 నుంచి 180 సెంటీమీటర్లు ఉంటుంది. ముందు చక్రం తీసేస్తే అది 145 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. వెనుక సీటు మడిచి, ముందున్న ఎడమ సీటును బాగా ముందుకు జరిపితే చాలా చిన్న కార్లలో ఆ మాత్రం జాగా దొరుకుతుంది, కానీ డిక్కీ తలుపు అద్దం ఏటవాలుగా ఉండే కార్లలో కింద పట్టినది పైన పట్టకపోవచ్చు. కాబట్టి నేల పొడవుతో పాటు సీటు ఎత్తు దగ్గర ఉన్న పొడవు కూడా కొలవాలి. అప్పటికీ చాలకపోతే వెనుక చక్రం కూడా తీయవలసి వస్తుంది.

ముందు చక్రం తీసే ముందు బ్రేకు ఏ రకమో చూసుకోవాలి. రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే వీ బ్రేకు అయితే, బ్రేకు చేతులను దగ్గరికి నొక్కి, పైన వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టాన్ని దాని గూటి నుంచి తప్పించాలి, లేకపోతే టైరు బయటికి రాదు. డిస్కు బ్రేకు అయితే చక్రం సులువుగానే వస్తుంది గాని, అసలు జాగ్రత్త ఆ తరువాత మొదలవుతుంది. హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) డిస్కు బ్రేకు ఉన్న సైకిల్‌కు చక్రం లేనప్పుడు బ్రేకు లివరు పొరపాటున నొక్కితే డిస్కును పట్టే ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చి అతుక్కుపోతాయి, ఊరు చేరాక డిస్కు వాటి మధ్యకు దూరదు. అట్టపెట్టె ముక్కను రెండు మూడు మడతలు పెట్టి ప్యాడ్ల మధ్య దూర్చి ఉంచితే ఆ బాధ ఉండదు. డిస్కుకు నూనె చేతులు తగలనివ్వకండి, బ్రేకు పట్టు పోతుంది.

ఇరుసు దగ్గరి లివరుతో తీసే చక్రానికి పనిముట్లు అవసరం లేదు. నట్లతో బిగించిన చక్రానికి సాధారణంగా 15 నంబరు పానా సరిపోతుంది, ముందు చక్రానికి కొన్నిటికి 14 పడుతుంది. ఆ రెండూ ప్రయాణంలో చేతికి అందేచోట ఉండాలి, డిక్కీ అడుగున కాదు. చక్రం తీశాక, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఫోర్కు చివరలు రెండూ దేనికైనా గుద్దుకుంటే లోపలికి వంగే ప్రమాదం ఉంది. చాలా సైకిళ్లకు ఆ చివరల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు ఉంటుంది. సరిగ్గా ఆ పొడవుకు కోసిన చెక్క ముక్కను మధ్యలో పెట్టి టేపు చుట్టండి. కొత్త సైకిల్ పెట్టెలో ఈ పని కోసమే ప్లాస్టిక్ ముక్క ఒకటి వస్తుంది, దుకాణంవాళ్లు దాన్ని పారేస్తుంటారు, అడిగితే ఇస్తారు.

పెడళ్ల విషయంలో చాలామంది పొరపడతారు. కుడి పెడల్ అన్ని మరల్లాగే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, అది గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పితేనే ఊడుతుంది. ఇది తెలియక బలం పెట్టి బిగించేసి మర పాడుచేసుకున్నవాళ్లను చూశాను. పెడళ్లు తీయడం ఇష్టం లేకపోతే పాత సాక్సులు తొడిగి ఉంచినా కారు లోపలి బట్టకు గీతలు పడవు. సీటు దించే ముందు దాని రాడ్డు చుట్టూ, గొట్టంలోకి దూరే చోట ఒక టేపు ముక్క అతికించండి. ఊరు చేరాక మళ్లీ ఎత్తు సరిచూసుకుంటూ అరగంట గడపనక్కర్లేదు.

సైకిల్‌ను పడుకోబెట్టేటప్పుడు చైను ఉన్న కుడివైపు పైకి ఉండాలి. వెనుక గేర్ మార్చే భాగం సన్నని లోహపు కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది, సైకిల్ బరువంతా దాని మీద పడితే అది వంగుతుంది, వంగితే గేర్లు సరిగ్గా పడవు. వెనుక చక్రం తీయనవసరం లేనప్పుడు చైనును వెనుక అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి మార్చి ఉంచండి, ఆ భాగం కొంత లోపలికి ఒదిగి దెబ్బలకు దూరంగా ఉంటుంది. వెనుక చక్రం తీయవలసి వస్తే మాత్రం అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీద ఉంచితేనే చక్రం తేలికగా వస్తుంది. అడుగున పాత బొంత పరచి, చైను చుట్టూ పాత నూలు చీర ముక్క చుట్టి, విడిగా ఉన్న ముందు చక్రాన్ని దుప్పటిలో చుట్టి పక్కన నిలబెట్టండి. నూలు చీర గ్రీజును పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ సంచి పీల్చుకోదు.

లోపల ఉంది కదా అని కట్టకుండా వదిలేయడం ఈ పద్ధతిలో జరిగే పెద్ద తప్పు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఒక్కసారిగా ఆగితే, లోపల కట్టకుండా ఉన్న వస్తువు సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడ్డంత బలంతో ముందుకు దూసుకువస్తుంది. దాని దారిలో ఉండేది మన తలలే. అందువల్ల వెనుక సీటు బెల్టును ఫ్రేము మధ్యగా దూర్చి బిగించి, మరో బెల్టుతో ఫ్రేమును సీటు కీలు ఇనుముకు కట్టాలి. సైకిల్ పడుకున్న వరుసలో పిల్లలను కూర్చోబెట్టకూడదు. డిక్కీ తలుపును నెమ్మదిగా దించి చూడండి. అద్దానికీ, సైకిల్ చివరకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంటేనే మూయండి. తోసి మూస్తే మొదటి పెద్ద గతుకులో అద్దం పగులుతుంది.

ఇక డిక్కీ ర్యాక్ సంగతి. దీని గురించి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే చిన్న కార్లవాళ్లు ఎక్కువగా కొనేది ఇదే, పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ దీనితోనే. ఆరు బెల్టులు, వాటి చివర రబ్బరు పూత ఉన్న కొక్కేలు, కారు మీద ఆనే మెత్తని పాదాలు, సైకిల్‌ను మోసే రెండు చేతులు ఇందులో ఉంటాయి. పై రెండు బెల్టులే బరువు మోస్తాయి. కింది రెండు బెల్టులు ర్యాక్ పైకి ఎగరకుండా, పక్క రెండు బెల్టులు అటూ ఇటూ ఊగకుండా పట్టి ఉంచుతాయి. పక్క బెల్టులు అనవసరమనుకొని వదిలేసేవాళ్లు ఉన్నారు. మన ఘాట్ రోడ్డు మలుపుల్లో వాటి విలువ తెలుస్తుంది.

కొక్కేలు తలుపు ఇనుప అంచును మాత్రమే పట్టాలి. చాలా చిన్న కార్లకు డిక్కీ పైభాగంలో ప్లాస్టిక్ స్పాయిలరు ఉంటుంది, దాని అంచు పైకి ఇనుములాగే కనబడుతుంది గాని దాని మీద బరువు వేస్తే విరుగుతుంది. గోరుతో తట్టి వినండి, బోలుగా మోగితే అది ప్లాస్టిక్. అద్దపు అంచుకు కొక్కెం తగిలించకూడదు. ర్యాక్ కొనే ముందు దాని కాగితంలో మీ కారు పేరు ఉందో లేదో, ఎన్ని కిలోలు మోస్తుందో చదవండి. మీ కారు పేరు లేకపోతే, దుకాణదారుడు ఎంత భరోసా ఇచ్చినా కొనకండి.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. కొరాపుట్ చుట్టుపక్కల నేల ఎర్రమట్టి, బాక్సైట్ కొండలున్న చోటు. ఆ ఎర్ర దుమ్ము కారు మీద సన్నని పొరలా ఎప్పుడూ ఉంటుంది. ఆ పొర తుడవకుండా ర్యాక్ పాదాలు ఆనించి బిగిస్తే, దారి పొడవునా జరిగే చిన్న కదలికకు ఆ దుమ్ము ఉప్పు కాగితంలా పనిచేసి పెయింటును అరగదీస్తుంది. నా మొదటి ప్రయాణం తరువాత పాదాలు ఆనిన నాలుగు చోట్లా పెయింటు మెరుపు పోయి, వేలితో రాస్తే గరుకుగా తగిలే నాలుగు మచ్చలు మిగిలాయి. తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో తడి లేకుండా ఒత్తి, ఆ తరువాతే ర్యాక్ పెట్టండి. కొక్కేల కింద, పాదాల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేస్తే మరీ మంచిది.

సైకిల్‌ను ర్యాక్ మీద అడ్డంగా వేలాడదీస్తాం కాబట్టి దాని పొడవు కారు వెడల్పుతో పోటీపడుతుంది. ఆల్టో కె10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు. 175 సెంటీమీటర్ల సైకిల్‌ను మధ్యలో పెడితే రెండు పక్కలా 13 సెంటీమీటర్ల చొప్పున చక్రాలు బయటికి వస్తాయి. 1,620 మిల్లీమీటర్ల వ్యాగనార్ మీద కూడా ఆరేడు సెంటీమీటర్లు వస్తాయి. ఎదురుగా వచ్చే లారీకి దారి ఇస్తూ పిట్టగోడకు ఆనుకొని వెళ్లవలసిన మలుపులో ఆ కొద్దిపాటి చక్రమే ముందుగా గోడకు తగులుతుంది. ముందు చక్రం తీసేస్తే సైకిల్ కారు వెడల్పులోనే ఒదుగుతుంది. ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం, సరుకు అనుమతించిన హద్దును దాటి వాహనం పక్కలకు గాని, ముందుకు గాని, వెనక్కి గాని, ఎత్తులో గాని పొడుచుకువస్తే జరిమానా 20,000 రూపాయలు. సైకిల్ ఖరీదు కన్నా అది ఎక్కువ కావచ్చు.

నంబరు ప్లేటు, వెనుక లైట్లు కనబడాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లే వస్తున్నాయి గనుక, సైకిల్ మీద ఇంకో ప్లేటు రాయించి వేలాడదీయడం కుదరదు. ర్యాక్ చేతులను ఎంత పైకి వీలైతే అంత పైకి పెట్టి, సైకిల్‌ను ప్లేటుకు పైన నిలిపే విధంగా సర్దండి. ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి, ఇండికేటర్లు వేయించి, పది అడుగుల దూరం నుంచి మీరు చూడండి. సైకిల్ వెనుక అంచుకు ఎర్రగుడ్డ కట్టడం లారీవాళ్ల అలవాటు, మనం కూడా పాటించదగినది.

ఒక పొరపాటు నేను స్వయంగా చేశాను. విజయనగరం దాటాక టీ కోసం ఆగి దిగితే కాలిన రబ్బరు వాసన వచ్చింది. కారుదేమోనని బానెట్ తెరిచాను. నిజానికి ఆ వాసన వెనుక నుంచి వస్తోంది. కింది బెల్టు కొద్దిగా వదులై, సైకిల్ ఒక పక్కకు ఒరిగి, వెనుక టైరు సైలెన్సర్ గొట్టం మూతికి జానెడు దూరంలోకి వచ్చింది. టైరు పక్కగోడ అరచేయంత మేర మెత్తబడి, నల్లగా మెరుస్తూ, వేలు పెడితే గుంట పడేలా తయారైంది. ఆ టైరు మళ్లీ పనికిరాలేదు. అప్పటి నుంచి సైలెన్సర్ ఏ పక్క ఉందో చూసి, ఆ పక్కకు చక్రం లేని ఫోర్కు వచ్చేలా సైకిల్‌ను తిప్పి కడుతున్నాను. ఫోర్కు కూడా మూతికి సూటిగా ఉండకూడదు.

సైకిల్‌ను ర్యాక్ చేతుల మీద పెట్టాక ఫ్రేమును కనీసం మూడు చోట్ల కట్టాలి. పై గొట్టాన్ని రెండు చేతుల దగ్గర, సీటు కింది గొట్టాన్ని ర్యాక్ నిలువు కమ్మీ దగ్గర కట్టండి. ఈ మూడో కట్టు లేకపోతే సైకిల్ లోలకంలా ముందుకూ వెనక్కూ ఊగి అద్దాన్ని కొడుతుంది. హ్యాండిల్‌ను కింది గొట్టానికి పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టండి, పెడల్ తిరగకుండా దాన్ని కూడా ఫ్రేముకు కట్టండి. సాగే రబ్బరు తాళ్లను ప్రధాన కట్టుగా వాడకండి, సాగడమే వాటి గుణం కాబట్టి గతుకు పడినప్పుడల్లా సైకిల్‌ను ఎగరనిస్తాయి. నైలాన్ తాడు కొత్తలో బిగువుగా ఉన్నా బరువుకు సాగి వదులవుతుంది. లారీల సామాన్ల దుకాణంలో దొరికే బకిల్ బెల్టులు అన్నిటికన్నా నమ్మకమైనవి. మిగిలిన బెల్టు కొసలను గాలికి వదలకండి. గాలికి టపటపా కొట్టుకునే బెల్టు కొస రెండు గంటల్లో పెయింటు మీద తెల్లని గీత పెడుతుంది. చుట్టి ముడివేసి కింద దోపండి, వీలైతే బెల్టును ఒక మెలిక తిప్పి బిగించండి, మెలిక ఉన్న బెల్టు గాలికి అదరదు.

పై గొట్టం లేని లేడీస్ సైకిళ్లు, పిల్లల సైకిళ్లు ర్యాక్ చేతుల మీద సరిగ్గా నిలవవు. సీటు రాడ్డుకూ హ్యాండిల్ మెడకూ మధ్య తగిలించే కమ్మీ విడిగా అమ్ముతారు, దాన్ని కొనడమే మంచిది. మడ్‌గార్డులు, స్టాండు, వెనుక క్యారియర్ ఉన్న మన పాత నల్ల సైకిళ్లు ఇరవై కిలోలకు పైన ఉంటాయి. వాటిని చిన్న కారు డిక్కీ తలుపుకు వేలాడదీయడం నేను మెచ్చను, రైల్లో పార్సిల్ వేయడం మేలు. బ్యాటరీ సైకిల్ అయితే బ్యాటరీ తీసి, ఎండ తగలకుండా కారు లోపల పెట్టుకోవాలి. తీసిన తరువాత కూడా బరువు ర్యాక్ పరిమితిలో ఉందో లేదో చూడాలి. కార్బన్ ఫ్రేమును ఎక్కడా గట్టిగా నొక్కి పట్టే క్లాంపుతో బిగించకూడదు.

ర్యాక్ కట్టాక డిక్కీ తెరవలేమన్న సంగతి బయల్దేరాక గుర్తొస్తే ప్రయోజనం లేదు. ఇలాంటి కార్లలో స్టెపినీ సాధారణంగా డిక్కీ అడుగునే ఉంటుంది. సుంకి ఘాట్‌లో పంక్చరైతే సైకిల్ దించి, ర్యాక్ విప్పి, అప్పుడు స్టెపినీ తీయాలి. కనీసం జాకీ, వీల్ పానా, టార్చిలైటు, నీళ్లు, మందులు వెనుక సీటు దగ్గర పెట్టుకోండి. స్టెపినీలో గాలి ముందురోజే చూసుకోండి. కారు టైర్లకు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో ఉంటుంది, నిండు బరువుకు రాసిన అంకె ప్రకారం పట్టించండి. వెనుక బరువు పెరిగితే హెడ్‌లైట్లు కొంచెం పైకి లేచి ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, లైట్ల ఎత్తు సరిచేసే చిన్న చక్రం స్టీరింగ్ దగ్గర ఉంటే ఒక మెట్టు దించండి.

పైకప్పు విషయానికి వస్తే, వెనుకటి కార్లకు పైకప్పు అంచున వాననీటి కాలువ ఉండేది, క్యారియర్ దాన్ని పట్టుకొని గట్టిగా నిలిచేది. ఇప్పటి చిన్న కార్లకు అది లేదు. తలుపు సందుల్లో క్లాంపులు బిగించే అడ్డ కమ్మీలు వేయించుకోవాలి. పైకప్పు ఎన్ని కిలోలు మోయగలదో కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ అంకెలో కమ్మీల బరువు, సైకిల్ బరువు రెండూ కలిసే ఉంటాయని మరిచిపోకండి. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పుల ర్యాకులు కూడా అమ్ముతున్నారు. ఎండకు కాగిన రేకు మీద, ఎర్ర దుమ్ము మధ్య, ఘాట్ మలుపుల్లో వాటిని నమ్మమని నేను ఎవరికీ చెప్పను.

పైకప్పు మీద సైకిల్ నిలబడితే ఆల్టో కూడా రెండున్నర మీటర్ల ఎత్తు దాటుతుంది. రైలు వంతెనల కింది దారులు, చెట్ల కొమ్మలు, సంత రోజుల్లో రోడ్డుకు అడ్డంగా కట్టే టార్పాలిన్ తాళ్లు, అన్నిటికన్నా ముఖ్యంగా విశాఖపట్నం అపార్టుమెంట్ల, హోటళ్ల సెల్లార్ పార్కింగు తలుపులు సైకిల్‌ను చీల్చేస్తాయి. దారంతా క్షేమంగా వచ్చినవాళ్లు కూడా ఆఖరి పది అడుగుల్లో అలసటతో మరిచిపోతారు. స్టీరింగ్ మధ్యలో “పైన సైకిల్ ఉంది” అని చీటీ రాసి టేపుతో అతికించడం చాలా చిన్న పని. తప్పకుండా చేయండి.

సైకిల్ మొత్తానికి టార్పాలిన్ కప్పడం మంచి ఆలోచనలా అనిపిస్తుంది, కానీ గాలికి అది తెరచాప అవుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 60 నుంచి 90 కిలోమీటర్లకు వెళ్తే అది రెండింతలకు పైగా, 2.25 రెట్లు అవుతుంది. సీటుకు, హ్యాండిల్ పిడులకు, గేర్ మీటలకు మాత్రం ప్లాస్టిక్ సంచులు తొడిగి బిగించి టేపు చుట్టండి. బయట సైకిల్ ఉన్నంతసేపు మైదానంలో 70 దాటకపోవడం, ఘాట్‌లో తక్కువ గేరులో ఇంజిను పట్టు మీద దిగడం నా పద్ధతి. స్పీడు బ్రేకరు దగ్గర ముందు చక్రాలు దాటగానే వేగం పెంచేస్తుంటాం. సైకిల్ ఉన్నది వెనుక గనుక వెనుక చక్రాలు కూడా దిగాకే పెంచాలి.

బయల్దేరిన పది కిలోమీటర్లకు మొదటిసారి ఆగి అన్ని బెల్టులూ బిగించడం తప్పనిసరి. ఏ బెల్టయినా మొదటి కొద్ది దూరంలోనే సర్దుకొని వదులవుతుంది. జయపురం నుంచి వెళ్లేవారు కొరాపుట్ చేరేలోపు ఒకసారి, దిగుడు మొదలయ్యే ముందు పొట్టంగిలో ఒకసారి, సాలూరు చేరాక ఒకసారి చూడాలి. చలికాలపు ఉదయాల్లో సెమిలిగుడ, పొట్టంగి దగ్గర మంచు దట్టంగా ఉంటుంది, వెనుక వచ్చే లారీకి సైకిల్ కనబడదు. సూర్యుడు పైకి వచ్చాకే బయల్దేరండి, లేదా సైకిల్ ఎర్రలైటును వెలిగించి ఉంచండి. టిఫిను కోసం ఆగినప్పుడు కారును హోటల్ కిటికీ ఎదుట నిలపండి. ఫ్రేముకూ, ర్యాక్‌కూ కలిపి తాళం వేయండి. ఫ్రేము నంబరు సాధారణంగా పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉంటుంది, దాన్నీ సైకిల్ బిల్లునూ ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే సరిహద్దులో ఎవరైనా అడిగినప్పుడు చూపవచ్చు, పోయినప్పుడు ఫిర్యాదుకూ పనికివస్తుంది. రాత్రి బసలో సైకిల్‌ను ర్యాక్ మీద వదలకుండా గదిలోకి తెచ్చుకోండి.

చేరాక తిరిగి బిగించడంలో తొందర కూడదు. సైకిల్‌ను నేల మీద నిలబెట్టి, దాని బరువుతోనే ఫోర్కు చక్రం ఇరుసు మీద పూర్తిగా కూర్చునేలా చేసి, అప్పుడు లివరు మూయండి. లివరు సగం దారి నుంచి గట్టిగా అనిపించి, పూర్తిగా మూసేసరికి అరచేతిలో దాని గుర్తు పడాలి, అంతకన్నా సులువుగా మూసుకుంటే అవతలి నట్టు కొంచెం బిగించి మళ్లీ మూయండి. వీ బ్రేకు గొట్టాన్ని తిరిగి గూట్లో పెట్టడం చాలామంది మరిచిపోతారు, అది పెట్టకపోతే ముందు బ్రేకు లేనట్టే. పెడళ్ల మరకు కొంచెం గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పి, సాఫీగా ఎక్కుతోందని తెలిశాకే పానా పట్టండి. చక్రం ఎత్తి తిప్పి, రెండు బ్రేకులూ నొక్కి, గేర్లన్నీ ఒకసారి మార్చి చూసి, ఇంటి ముందు వీధిలో ఒక చుట్టు తొక్కాకే పిల్లవాడి చేతికి ఇవ్వండి.

ర్యాక్‌ను కూడా ఆ సాయంత్రమే విప్పి, కొక్కేల రబ్బరు అరిగిందేమో, బెల్టుల కుట్లలో పోగులు లేచాయేమో చూసి మడిచి పెట్టండి. తిరుగు ప్రయాణం నాడు మొదట తుడవవలసింది మళ్లీ ఆ నాలుగు పాదాల కింది పెయింటునే.